టైరు మీద ఎనభై ఎనిమిది

ఆ నాలుగు టైర్లనీ బిగించింది నేనే. ఎవరు అడిగినా ముందు ఈ మాట చెప్పి తర్వాతే మిగతాది చెబుతాను.

నా పేరు జుల్‌హెంద్రి. సోలోక్ ఊరి చివర, కొండ దాటి పాదాంగ్ పట్నం వెళ్లే రోడ్డు మీద నాకో టైర్ల షాపు ఉంది. పంచర్లు వేస్తాను, టైర్లు మారుస్తాను, చక్రాలు బ్యాలెన్స్ చేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మా అమ్మ తమ్ముడు బుస్తామి మావయ్య ఆ రోడ్డు మీదే వ్యాను నడిపేవాడు. పొద్దున పాదాంగ్ వెళ్లి, సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. పదిమంది పట్టే బండిలో పన్నెండుమందిని కూర్చోబెట్టేవాడు. వెనకాల బియ్యం బస్తాలు. మా సోలోక్ బియ్యం వెళ్లకపోతే పాదాంగ్‌లో సగం హోటళ్లకి పొయ్యి వెలగదని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు.

మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదేమో, మా ఇళ్లలో పిల్లల మంచిచెడ్డలు మేనమామవే. నన్ను బడిలో వేసింది, షాపుకి జాగా ఇప్పించింది, నా పెళ్లి మాటలకి వెళ్లింది అన్నీ మావయ్యే. ఆయన ముందు నేను ఒక్కసారి కూడా గొంతు పెంచి ఎరగను.

ఒకరోజు పొద్దున్నే వ్యాను టాపు మీద నాలుగు టైర్లు కట్టుకుని దిగాడు.

"ఏరా జుల్, చూడు వీటి మెరుపు! పెకన్‌బారులో మా దోస్తు కారుకి కొత్తవి వేసుకుని ఇవి నాకిచ్చేశాడు. బటన్ అరిగిందేమో వేలు పెట్టి చెప్పు."

పెట్టి చూశాను. నిజంగానే అరగలేదు. కానీ పైన కొట్టిన నల్ల పాలిష్‌ని గుడ్డతో తుడిస్తే, గాడుల అడుగున జుట్టంత సన్నని పగుళ్లు బయటపడ్డాయి. పక్క గోడ మీద నాలుగంకెలున్నాయి, 2312. రెండువేల పన్నెండో సంవత్సరం, ఇరవై మూడో వారంలో తయారైందని దానర్థం. అప్పటికి తొమ్మిదేళ్లు. ఎవరి ఇంటి షెడ్డులోనో నిలబడిన కారు టైర్లవి. తిరగకుండా ముసలివైపోయాయి.

వయసొక్కటే అయితే ఇంత బాధ లేదు. సైజు పక్కన ఇంకో అంకె ఉంది, 88. ఆ అంకె ఉన్న టైరు ఐదు వందల అరవై కిలోలు మోస్తుంది. మావయ్య వ్యానుకున్న పాత టైర్ల మీద 102 ఉండేది. అంటే ఎనిమిది వందల యాభై.

"మావయ్యా, ఇవి కారువి. ఇంట్లో నలుగురూ పెళ్లికెళ్లి రావడానికి పనికొస్తాయి. నీ బండికి సైజు చివర సి అని రాసి ఉన్నవి కావాలి, బరువుకి చేసినవి."

"పద్నాలుగంగుళాల రిమ్మేగా? పట్టవా?"

"పడతాయి. పట్టడం వేరు, మోయడం వేరు."

మావయ్య వంగి టైరు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ హెచ్ అని ఉంది. అంటే ఎంత?"

"గంటకి రెండొందల పది కిలోమీటర్లు."

"నా పాత వాటి మీద?"

"ఆర్. నూట డెబ్బై."

ఆయన నడుం నిటారుగా పెట్టి, షాపు ముందు బల్ల మీద గుడ్డు సొన గిలక్కొట్టి పోసిన టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్ల వైపు తిరిగాడు. "విన్నారుగా? రెండొందల పది పెద్దదా, నూట డెబ్బై పెద్దదా? వీణ్ణి బళ్లో వేసింది నేను. లెక్కలు మాత్రం నాకే ఎదురు చెబుతున్నాడు."

వాళ్లు పగలబడి నవ్వారు. అందులో ఒకడు, "పంతులు ఫీజు వాపసు అడుగు బుస్తామన్నా!" అన్నాడు.

"అది వేగం మావయ్యా. బరువు కాదు. గుర్రం బాగా పరిగెడుతుందని దాని వీపు మీద ఎద్దు బరువు పెట్టం కదా."

"గుర్రాలూ ఎద్దులూ తర్వాత చెబుదువుగాని. బిగించు."

ఎందుకు బిగించానని అప్పటి నుంచీ నన్ను నేనే అడుగుతున్నాను. పాతవి తీగలు బయటికొచ్చేంతగా అరిగిపోయాయి, వాటితో పంపినా తప్పే అనుకున్నాను. కొత్తవి కొనగలిగే నెల కాదది, ఆయనకీ కాదు, నాకూ కాదు. ఇవన్నీ నిజాలే. కానీ అసలు నిజం, ఆయన 'బిగించు' అంటే నా చేతులు జాకీ మీదికి వెళ్లిపోతాయి. చిన్నప్పటి నుంచీ అంతే.

"గాలి అరవై కొట్టు, గట్టిగా ఉంటాయి," అన్నాడు.

"వీటికి నలభై నాలుగే గరిష్ఠం. ఇదిగో, రాసే ఉంది."

"రాసినవాడు సితింజావు కొండ ఎక్కాడా?"

నలభై నాలుగే కొట్టాను. నట్లు ఎదురెదురుగా వరసలో బిగించాను. వెళ్లేముందు కిటికీ దగ్గర నిలబడి, "ఎనిమిదిమందినే ఎక్కించు మావయ్యా. బస్తాలు వద్దు. ఈ కొన్ని వారాలే. పండగయ్యాక కొత్తవి చూద్దాం," అన్నాను. "సరేలే," అన్నాడు. ఆ సరేలే అర్థం ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

మూడు వారాలు గడిచాయి. రోజూ పొద్దున వ్యాను నా షాపు ముందు నుంచే వెళ్లేది. హారన్ కొట్టేవాడు. నేను చెయ్యి ఊపేవాణ్ణి. వెనక టైర్లు నేల మీద పొట్ట వేసుకుని పాకుతున్నట్టు కనిపించేవి. చూపు తిప్పేసుకునేవాణ్ణి.

ఆ సోమవారం తెల్లారక ముందు నుంచీ వాన. నేనొక లారీ చక్రం విప్పుతున్నాను, ఎప్పుడు దాటిందో వ్యానుని చూడలేదు. తొమ్మిదవుతుండగా ఫోను మోగింది. మా అక్క దెస్నిత. బళ్లో టీచరు. బదిలీ కాగితాల కోసం పాదాంగ్ ఆఫీసుకి వెళ్తోంది.

"తమ్ముడూ, నీ పేరు మార్మోగిపోతోంది ఇక్కడ. మావయ్య ఎక్కిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు, మా మేనల్లుడి చేతి పని, దిండు మీద కూర్చున్నట్టు లేదా అని."

"ఎంతమంది ఉన్నారక్కా?"

"పన్నెండుమంది. నా కాళ్ల కింద కూడా బస్తానే. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి."

"బస్తాలెన్ని?"

"నాకేం తెలుసురా? ఏడో, ఎనిమిదో."

చేతిలో పానా పట్టుకునే లెక్క కట్టాను. ఎంత తగ్గించి కట్టినా వెనక చక్రాల మీద ఒక్కోదానికి ఏడు వందల పైనే తేలింది. మోయాల్సింది ఐదు వందల అరవై. తొమ్మిదేళ్ల రబ్బరు.

"అక్కా, దిగిపో. ఎక్కడుంటే అక్కడ దిగిపో. మావయ్యని ఆపమను."

"ఈ వానలో ఎక్కడ దిగనురా? పిచ్చా?"

ఫోనులో వెనక నుంచి మావయ్య గొంతు వినిపించింది. "ఎవరు, టైరు డాక్టరేనా? ఏమంటాడు, జ్వరమొచ్చిందా నా బండికి?" వ్యానంతా నవ్వారు. అక్క కూడా నవ్వింది. కొండ మొదలైందేమో, ఆ నవ్వు మధ్యలోనే లైను తెగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ చేశాను. పలకలేదు.

లారీ చక్రం అలాగే వదిలేసి మోటారు సైకిలు తీశాను. లారీ డ్రైవరు వెనక నుంచి తిట్టడం వినిపించింది. ఎదురుగాలి, వాన, కళ్లద్దాల మీద బురద. ప్రతి మలుపులోనూ అడ్డం పడి ఉన్న వ్యాను కనిపిస్తుందనుకునే వెళ్లాను. కనిపించలేదు. దాంతో ఇంకా భయమేసింది.

కొండ పైన, పెద్ద మలుపు దగ్గర ఒక సిమెంటు లారీ ఎక్కలేక నిలిచిపోయింది. రెండు వైపులా బళ్లు ఆగిపోయాయి. ఆ వరసలో, దిగే వైపు ఏడో బండి మావయ్యది. దేవుడే ఆపాడనుకున్నాను. వెళ్లి ఎడమ వైపు వెనక టైరు మీద చెయ్యి పెట్టి వెంటనే తీసేశాను. అంత వానలో తడుస్తూ కూడా కాలుతోంది. రిమ్ము పక్కన గోడ ముడతలు పడింది, ఒకచోట నిమ్మకాయంత ఉబ్బు.

మావయ్య తల మీద తువ్వాలు వేసుకుని దిగాడు. ఉబ్బు చూపించాను. చూశాడు. చూసిన క్షణంలో ఆయన మొహంలో ఏదో మారింది, ఒట్టేసి చెబుతాను. కానీ పన్నెండుమంది కిటికీల్లోంచి చూస్తున్నారు.

"జనం ముందు నా పరువు తీయకురా," అన్నాడు మెల్లగా.

"బస్తాలైనా దించుదాం మావయ్యా. ఈ టీ కొట్లో పెడదాం. నేను కాపలా ఉంటాను."

"తడిసిన బియ్యం హోటలువాడు తీసుకుంటాడా?"

"స్టెప్నీ వేద్దాం."

"స్టెప్నీ ఏదో నీకు తెలీదా? నువ్వు విప్పిన పాతదే."

నేను తలుపు తీసి లోపలివాళ్లకి చెప్పాను. టైరు ఉబ్బింది, దిగేటప్పుడు పేలొచ్చు, దయచేసి దిగండి, వేరే బండి చూసుకోండి అని. ఎవరూ కదల్లేదు. ముందు వరసలో ఒక ముసలాయన, కాళ్లు రెండూ వాచి ఉన్నాయి, నా చెయ్యి పట్టుకున్నాడు.

"బాబూ, మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రిలో నా రక్తం కడగాలి. ఆ మిషను తప్పితే మళ్లీ గురువారం దాకా దొరకదు. గురువారం దాకా నేనుండను. చెప్పు, నడిచి వెళ్లనా?"

నా వెనక ఉన్నది ఒక్క మోటారు సైకిలు. వానలో ఆ మనిషిని దాని మీద కూర్చోబెట్టి కొండ దింపలేను. ముందూ వెనకా ఆగిన వ్యాన్లన్నిటి దగ్గరికీ పరిగెత్తి అడిగాను. ఒక్కదాంట్లో కూడా చోటు లేదు. తిరిగొచ్చేసరికి ఎవరో అంటున్నారు, "ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాడాయన. ఈ కుర్రాడు పంచర్లు వేసేవాడు." నాకు నలభై ఒకటి.

అక్క నా మొహం చూసింది. సంచీ తీసుకుని బస్తాల మీద నుంచి ఎక్కి దిగింది.

"నువ్వు కూడానా దెస్నితా?" అన్నాడు మావయ్య.

"వీడి మొహం చూస్తే భయమేస్తోంది మావయ్యా. నువ్వూ ఆగు. లారీ కదిలాక ఖాళీ బండి ఏదైనా వస్తుందేమో చూద్దాం."

ఆయన ఏదో అనబోయాడు. ఇంతలో సిమెంటు లారీ గర్జించి కదిలింది. వెనక బళ్లన్నీ ఒకేసారి హారన్లు మొదలుపెట్టాయి. మలుపు దగ్గర నిలబడి బళ్లకి దారి చూపించేవాళ్లు పొమ్మని చేతులూపుతున్నారు.

అప్పుడొచ్చింది ఆవిడ. టీ కొట్టు చూరు కింద నుంచి, నెత్తి మీద ప్లాస్టిక్ సంచీ కప్పుకుని, చేతిలో ఎర్ర ఉల్లిపాయల బుట్టతో. యాభై దాటి ఉంటాయి.

"నాయనా, పాదాంగ్‌కేనా? చోటుందా?"

"ఎక్కొద్దు పిన్నీ. టైరు బాగాలేదు. పేలిపోతుంది."

ఆవిడ టైరు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఎనిమిదింటి నుంచీ నిలబడ్డాను. మూడు బళ్లు నిండుగా పోయాయి. ఒళ్లంతా తడిసింది నాయనా."

"వద్దు పిన్నీ, నా మాట విను."

"మిగతావాళ్లంతా కూర్చునే ఉన్నారుగా," అంది. అని, మా అక్క దిగిన చోట ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి నన్ను చూసి నవ్వింది కూడా, నన్ను ఊరడిస్తున్నట్టు.

మావయ్య సీట్లోకి ఎక్కాడు. "మెల్లగా దింపుతాను. రెండో గేరు దాటను. సరేనా?" అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన నన్ను అడిగాడు. నేను సరే అనలేదు. వద్దని కూడా అనలేదు. బండికి అడ్డం నిలబడాల్సింది. పక్కకి జరిగాను.

అక్కని వెనక కూర్చోబెట్టుకుని వ్యాను వెనకే వెళ్లాను. మాట నిలబెట్టుకున్నాడు. నిజంగా మెల్లగానే దింపాడు. ఇరవై, ఇరవై ఐదు. బ్రేకు లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. నేను ఆ ఎడమ చక్రం తప్ప ఇంకేం చూడలేదు. అక్క నా భుజం గట్టిగా పట్టుకుని పైకే ప్రార్థన చేస్తోంది. పెద్ద మలుపులన్నీ అయిపోయాయి. కింద సిమెంటు ఫ్యాక్టరీ పొగ కనిపించింది. ఇంకో పది నిమిషాలైతే చదును రోడ్డు.

"అయిపోయిందిరా," అంది అక్క. "దాటేశారు."

అప్పుడే పేలింది. ఎంత శబ్దమని అందరూ అడుగుతారు. పెద్ద శబ్దమేం కాదు, వానలో ఎవరో తలుపు వేసినట్టు వినిపించింది. నల్లటి ముక్క ఒకటి ఎగిరి నా పక్క నుంచి పోయింది. వ్యాను వెనక భాగం ఎడమకి కూలబడి, తోక ఊపినట్టు లోయ వైపు తిరిగింది. మావయ్య స్టీరింగుని కొండ వైపుకి తిప్పేశాడు. అలా తిప్పకపోతే పన్నెండుమందీ పోయేవాళ్లని తర్వాత పోలీసులే అన్నారు. బండి కాలవలోకి దిగి, రాయికి కొట్టుకుని, ఎడమ పక్కకి పడింది. బస్తాలు చిట్లి రోడ్డంతా బియ్యం.

అందరినీ లాగాం. నేను, అక్క, వెనక బళ్లలోవాళ్లు. ముసలాయనకి చెయ్యి విరిగింది. అయినా రెండున్నరకి ఆసుపత్రికి చేరాడు, మిషను దొరికింది. మావయ్యకి నడుం దగ్గర ఎముక విరిగింది. మిగతావాళ్లకి కట్లు, కుట్లు. అక్క దిగిన చోట కూర్చున్నావిడ మీద రెండు బస్తాలు పడ్డాయి. మేం తీసేసరికే ఊపిరి లేదు. ఆవిడ పేరు షంసినార్ అని సంచీలో కార్డు చూసి పోలీసు చదివాడు. అక్క ఆ పేరు విని రోడ్డు మీదే కూర్చుండిపోయింది. అక్కని లేపలేకపోయాను.

పోలీసు అధికారి మంచివాడే. "టైర్లు ఎవరు బిగించారు?" అన్నాడు.

"నేనే."

"సరిపోవని తెలుసా?"

"తెలుసు. చెప్పాను. చెప్పి బిగించాను."

పెన్ను ఆపి నన్ను చూశాడు. "చెప్పి బిగించినవాడి మీద ఏం రాయాలో నాకు తెలీదు," అన్నాడు. కేసు మావయ్య మీదే రాశాడు.

తర్వాత మా వైపు, షంసినార్ వైపు మేనమామలు రాజీకి కూర్చున్నారు. మా వైపు మాట్లాడాల్సిన మావయ్యే ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి దూరపు చుట్టం ఒకాయన మాట్లాడాడు. అంతా మర్యాదగా జరిగింది. రాసిపెట్టి ఉంది అన్నారు. దేవుడి చిత్తం అన్నారు. రాజీ కాగితం మీద సంతకాలయ్యాయి. ఆ కాగితం వల్ల తర్వాత కోర్టులో మావయ్యకి శిక్ష తగ్గింది. నాకు మాత్రం లేచి 'కాదు' అనాలనిపించింది. దేవుడి చిత్తం కాదు, ఐదు వందల అరవై మోసేదాని మీద ఏడు వందలు పెట్టాం. కానీ ఆ గదిలో నేను మేనల్లుణ్ణే. మేనల్లుళ్లు టీలు అందిస్తారు. అందించాను.

వచ్చేస్తుంటే షంసినార్ కూతురు యుల్మైద గుమ్మం దగ్గర నన్నాపింది. ముప్పై ఏళ్లుంటాయేమో.

"నువ్వు ఎక్కొద్దని చెప్పావట కదా. నిజమేనా?"

"నిజమే."

"మా అమ్మ ఏమంది?"

"తడిసిపోయానంది. మిగతావాళ్లంతా కూర్చునే ఉన్నారుగా అంది."

ఆమె తల ఊపింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మావయ్యని రెండు నెలలకి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. ఇంక వ్యాను నడపలేడు, కర్ర లేకుండా నిలబడలేడు. ఒకరోజు ఆయనకి గడ్డం గీస్తున్నాను. కళ్లు మూసుకునే అన్నాడు, "నేను పెద్దవాణ్ణి, నాకు నోరుంది. కాని పానా నీ చేతిలో ఉందిరా జుల్. పారేయాల్సింది."

కోపంతో అనలేదు. నిజం అన్నాడు. నువ్వు నన్ను అలా పెంచలేదు మావయ్యా అనబోయాను. సబ్బు నురుగులో ఆ మొహం ఎంత చిన్నదైపోయిందో చూసి, మిగిలిన చెంప కూడా గీసేశాను.

ఇప్పుడు అలాంటివి నేను బిగించను. ఎవరైనా సరే, అంకె చూస్తాను, వారం చూస్తాను, సరిపోకపోతే వద్దంటాను. కిందటి నెల ఒకతను కూరగాయల వ్యాను తెచ్చాడు. చేతిలో ఎక్కడో దొరికిన కారు టైర్లు. అంకె 86. కుదరదన్నాను. ఏం జరిగిందో మొత్తం చెప్పాను, షంసినార్ పేరుతో సహా. అతను శ్రద్ధగానే విన్నాడు, అయ్యో పాపం అన్నాడు, టైర్లు ఎత్తుకుని రెండొందల గజాల అవతలున్న ఇంకో షాపుకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. ఆ షాపాయన నన్ను చూసి జాకీ తిప్పుతూనే అన్నాడు, "నువ్వు కాదన్నావు కాబట్టే నా దగ్గరికొచ్చాడు జుల్. నేనూ కాదంటే ఇంకో మైలు వెళ్తాడు. నాకూ ఇల్లుంది." నట్లు మాత్రం చక్కగా బిగించాడు. బండి నంబరు రాసుకున్నాను. ఎవరికివ్వాలో తెలియక ఆ కాగితం జేబులో పెట్టుకున్నాను.

ఆ రోజు షాపు మూసేదాకా పాదాంగ్ నుంచి వచ్చే ప్రతి బండినీ చూస్తూ కూర్చున్నాను. ఆ కూరగాయల వ్యాను రాలేదు. మర్నాడు పొద్దున వచ్చింది. అతను నా షాపు ముందు ఆపి, కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"చూశావా అన్నా? నిండా క్యాబేజీలు వేసుకెళ్లాను. ఏమైనా అయ్యిందా?"

"లేదు," అన్నాను. "ఏం కాలేదు."